జాతీయ స్థాయి నదీ పరీవాహక డేటాసెట్‌ను నిర్మించే విధానం

నదుల మీద పరిశోధన మొదలుపెట్టిన వారికి తొలి నెలలు సాధారణంగా సమాచారం పోగుచేయడంలోనే గడిచిపోతాయి. ప్రవాహపు లెక్కలు ఒక శాఖ దగ్గర, వర్షపాతం వివరాలు మరో శాఖ దగ్గర, నేలల పటాలు ఇంకొక సంస్థ దగ్గర ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో ఫార్మాట్‌లో, ఒక్కో కాలానికి, ఒక్కో కొలమానంలో దొరుకుతుంది. వాటన్నిటినీ ఒక దారికి తెచ్చేసరికి అలసిపోయిన పరిశోధకులు చివరికి రెండు మూడు నదులతోనే సరిపెట్టుకుంటారు, ఆ నదుల మీద తేలిన ఫలితం మిగతా వాటికి వర్తిస్తుందో లేదో చెప్పలేకపోతారు. ఈ శ్రమను దేశం మొత్తానికి ఒక్కసారి, అందరి కోసం, జాగ్రత్తగా చేసి పెట్టడమే జాతీయ పరీవాహక డేటాసెట్ ఉద్దేశం.

ఈ తరహా పనికి ఒరవడి పెట్టినది అమెరికాకు చెందిన కామెల్స్ అనే డేటాసెట్. 2015లో, 2017లో వెలువడిన రెండు పరిశోధన పత్రాల ద్వారా 671 పరీవాహక ప్రాంతాల సమాచారం అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాత అదే నమూనాలో 2018లో చిలీకి 516, 2020లో బ్రిటన్‌కు 671, బ్రెజిల్‌కు 897, 2021లో ఆస్ట్రేలియాకు 222 పరీవాహక ప్రాంతాలతో డేటాసెట్లు వచ్చాయి. ఇలాంటి జాతీయ సంపుటాలను ఒకే పద్ధతిలోకి తెచ్చి 6,830 పరీవాహక ప్రాంతాలతో 2023లో ప్రచురించినది కారవాన్. వీటన్నిటిలోనూ ఒక్కో పరీవాహక ప్రాంతానికి నాలుగు అంశాలు ఉంటాయి: దాని సరిహద్దు, దాని ముఖద్వారం దగ్గర కొలిచిన ప్రవాహం, దాని మీద కురిసిన వర్షంతో సహా వాతావరణ వివరాలు, చివరగా దాని వాలు, నేల, రాయి, అడవి, సాగు, జలాశయాల వంటి లక్షణాలు.

డేటాసెట్ విలువను అందులో చేర్చిన, ప్రవాహాన్ని కొలిచే స్టేషన్ల సంఖ్యను బట్టి కట్టే అలవాటు ఉంది. నా దృష్టిలో దానికన్నా ముఖ్యమైనది, చేర్చిన ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, మధ్యలో దానికి ఏ మార్పు జరిగిందో, దాని మీద ఎంతవరకు ఆధారపడవచ్చో చదివేవారికి తెలియజేయగలగడం. కింది సూచనలన్నీ ఆ దృష్టితో రాసినవే.

ముందుగా తేల్చుకోవలసినవి

మొదటి ప్రశ్న, మనుషుల జోక్యం ఉన్న నదులను చేర్చాలా వద్దా అన్నది. అమెరికా కామెల్స్ వీలైనంతవరకు సహజంగా పారే నదులనే ఎంచుకుంది. వర్షానికీ ప్రవాహానికీ మధ్య సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి అది సరైన ఎంపికే. బ్రిటన్ డేటాసెట్ మాత్రం నీటి తోడకం, మురుగునీటి విడుదల, జలాశయాల ప్రభావం ఉన్న నదులను కూడా చేర్చి, ఆ ప్రభావం ఎంతో తెలిపే వివరాలను జతచేసింది. ఆనకట్టలు, ఎత్తిపోతలు, కాలువలు ఎక్కువగా ఉన్న దేశంలో సహజ నదుల కోసమే వెతికితే చివరికి కొండల్లోని చిన్న వాగులు తప్ప ఏమీ మిగలవు, జనం ఆధారపడి బతికే నదులన్నీ లెక్కలోంచి తప్పిపోతాయి. అందువల్ల అన్నిటినీ చేర్చి, జోక్యం స్థాయిని ఒక వేరే నిలువు వరుసలో చూపడమే మేలని నా అభిప్రాయం. సహజ నదులు మాత్రమే కావలసినవారు ఆ వరుసను బట్టి వడగట్టుకోగలరు. మొదటే తీసేసిన వాటిని మాత్రం ఎవరూ తిరిగి తెచ్చుకోలేరు.

రెండో ప్రశ్న కాలవ్యవధి. రోజువారీ విలువలే చాలా దేశాల్లో దొరుకుతాయి, అవి చాలా అవసరాలకు సరిపోతాయి కూడా. అయితే వంద చదరపు కిలోమీటర్ల లోపు వాగులో వరద కొన్ని గంటల్లోనే వచ్చి పోతుంది కాబట్టి రోజువారీ సగటులో అది కనిపించకుండా పోతుంది. మధ్య యూరప్‌లోని 859 పరీవాహక ప్రాంతాలకు 2021లో వచ్చిన లామా-సీఈ గంటవారీ విలువలను కూడా ఇచ్చింది. గంటవారీ రికార్డు ఉన్న చోట దాన్ని రోజువారీకి కుదించి మూలాన్ని వదిలేయడం తగదు.

మూడోది హక్కులు. ప్రవాహపు వివరాలను చూడనివ్వడానికీ, వాటిని తిరిగి ప్రచురించనివ్వడానికీ చాలా తేడా ఉంది. ఈ విషయంలో రాతపూర్వక అనుమతి పని మొదలుపెట్టక ముందే తీసుకోవాలి. ప్రపంచ వాతావరణ సంస్థ 1999లో చేసిన 25వ తీర్మానం జలసంబంధ సమాచారాన్ని దేశాలు స్వేచ్ఛగా పంచుకోవాలని కోరింది కానీ, సరిహద్దులు దాటే నదుల విషయంలో అనేక ప్రభుత్వాలు ఇప్పటికీ వివరాలను బయటపెట్టవు. భారతదేశానికి సంబంధించిన కామెల్స్-ఇండ్ ద్వీపకల్ప నదులకే పరిమితం కావడానికి గంగ, బ్రహ్మపుత్ర, సింధు నదుల ప్రవాహ వివరాలు బహిరంగంగా దొరకకపోవడమే కారణం.

ప్రవాహపు రికార్డును చదవడం

నదిలో ప్రవాహాన్ని ప్రతిరోజూ ఎవరూ నేరుగా కొలవరన్న సంగతిని డేటాసెట్ తయారుచేసేవారు ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. రోజూ కొలిచేది నీటిమట్టాన్ని. ఏడాదిలో కొన్నిసార్లు మాత్రమే నీటి వేగాన్నీ, నది అడ్డుకోత వైశాల్యాన్నీ కొలిచి ప్రవాహాన్ని లెక్కగడతారు. ఆ కొలతల ఆధారంగా ఏ మట్టానికి ఎంత ప్రవాహమో చెప్పే రేటింగ్ కర్వ్‌ను గీస్తారు. మిగతా రోజులన్నిటికీ ఆ కర్వ్ నుంచే ప్రవాహాన్ని రాబడతారు. పెద్ద వరదలో కొలత తీసుకోవడం ప్రమాదకరం కాబట్టి కర్వ్ పైభాగం చాలావరకు అంచనాయే. ఒక పెద్ద వరద నదీగర్భాన్ని కోసేసినా, ఇసుక మేట వేసినా పాత కర్వ్ ఇక పనికిరాదు. అందువల్ల సంబంధిత శాఖ నుంచి ప్రవాహపు అంకెలతో పాటు నీటిమట్టాలు, కర్వ్ మార్చిన తేదీలు, నేరుగా కొలిచిన వాటిలో అత్యధిక ప్రవాహం కూడా అడిగి తీసుకోవాలి. ఆ అత్యధిక కొలతకు మించిన ప్రతి విలువకూ ఒక గుర్తు పెడితే, వరదల మీద పని చేసేవారు ఏది కొలతో ఏది అంచనాయో వేరుచేసి చూసుకోగలుగుతారు. బ్రిటన్ డేటాసెట్ కొన్ని వందల స్టేషన్లకు ప్రవాహంలోని అనిశ్చితిని కూడా అంకెల్లో ఇచ్చింది. అంత చేయలేకపోయినా, కర్వ్ మారిన తేదీలను ఇవ్వడం ఏ బృందానికైనా సాధ్యమయ్యే పనే.

తర్వాత చేయవలసినది ప్రతి స్టేషన్ రికార్డునూ గీసి, కంటితో చూడడం. వందల స్టేషన్లు ఉన్నప్పుడు ఇది విసుగు పుట్టించే పనే అయినా దీనికి ప్రత్యామ్నాయం లేదు. ప్రోగ్రామ్ పట్టుకోలేని తప్పులు గ్రాఫులో ఒక్క చూపుకే తెలుస్తాయి. కొన్నేళ్లు సెకనుకు ఘనపు మీటర్లలో నడిచిన రికార్డు ఉన్నట్టుండి 35 రెట్లు పెరిగితే అక్కడి నుంచి క్యూసెక్కుల్లో రాశారని అర్థం, ఎందుకంటే ఒక ఘనపు మీటరు 35.3 ఘనపు అడుగులకు సమానం. ఎండాకాలంలో ఒకే అంకె మూడు నెలల పాటు కదలకుండా నిలిచి ఉంటే పరికరం ఆగిపోయి ఉండవచ్చు, లేదా కొలిచేవారు లేక పాత విలువనే రాసి ఉండవచ్చు. రెండు తేదీల మధ్య రికార్డు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా దిగితే, ఆ ఖాళీని ఎవరో ఇంటర్‌పొలేషన్‌తో, అంటే రెండు చివరల విలువలను గీతతో కలిపి, పూరించారని గ్రహించాలి.

వీటన్నిటికంటే హానికరమైనది సున్నాకూ ఖాళీకీ మధ్య గందరగోళం. నది ఎండిపోయిన రోజు విలువ సున్నా. కొలవని రోజు విలువ లేదు. పాత రిజిస్టర్లలో రెండింటినీ గీతతోనో, ఖాళీ గడితోనో చూపించడం మామూలే. వేసవిలో ఎండిపోయే నదులున్న దేశంలో ఈ రెండూ కలిసిపోతే కరువు ప్రవాహాల మీద చేసే ఏ లెక్కా నిలవదు. నీటిమట్టం రికార్డునూ, పొరుగు స్టేషన్లనూ చూసి తేల్చగలిగిన చోట తేల్చాలి. తేల్చలేని చోట ఆ రోజును ఖాళీగానే ఉంచి, అనుమానం ఉందని గుర్తు పెట్టాలి.

ఒక నియమాన్ని మొదటి నుంచీ కచ్చితంగా పాటించాలి. శాఖ ఇచ్చిన అంకెను ఎన్నడూ చెరపకూడదు. తప్పని తోచిన విలువను తొలగించే బదులు, దాన్ని అలాగే ఉంచి పక్క వరుసలో నాణ్యత సూచికను చేర్చాలి. మనకు అసంభవంగా తోచిన శిఖరం మరొకరి పరిశీలనలో నిజమైన మెరుపు వరదగా తేలవచ్చు. ఖాళీలను పూరించే పని కూడా వాడుకునేవారికే వదిలిపెట్టాలి. తప్పనిసరిగా పూరించవలసి వస్తే దాన్ని వేరే ఫైలుగా ఇవ్వాలి.

సరిహద్దు గీయడం

మొత్తం పనిలో అత్యంత శ్రద్ధ కోరేది ఇదే. వర్షపాతం సగటు, నేలల వాటా, అడవి శాతం, ప్రవాహపు లోతు (ప్రవాహాన్ని పరీవాహక ప్రాంతమంతటా సమంగా పరిస్తే వచ్చే నీటి మందం), అన్నీ సరిహద్దు నుంచే పుడతాయి కాబట్టి సరిహద్దు తప్పితే మిగతాది ఎంత బాగా చేసినా తప్పుగానే మిగులుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక స్టేషన్ దగ్గర ఏడాది సగటు ప్రవాహం సెకనుకు 50 ఘనపు మీటర్లు, పరీవాహక వైశాల్యం 2,000 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. ప్రవాహాన్ని, కొలమానాలను మార్చే 86.4తో హెచ్చించి వైశాల్యంతో భాగిస్తే రోజుకు 2.16 మిల్లీమీటర్లు, ఏడాదికి సుమారు 788 మిల్లీమీటర్లు వస్తుంది. సరిహద్దును పొరపాటున 2,400 చదరపు కిలోమీటర్లకు గీస్తే అదే ప్రవాహం ఏడాదికి 657 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. మధ్యలో మాయమైన 131 మిల్లీమీటర్లను ఆ తర్వాత ఎవరో ఒకరు అడవుల పెంపకానికో, భూగర్భజలాల తోడకానికో ఆపాదించి వ్యాసం రాసే అవకాశం ఉంది.

సరిహద్దు గీయడానికి కావలసిన ముడిసరుకు డిజిటల్ ఎలివేషన్ మోడల్, అంటే భూమి ఎత్తులను గళ్లవారీగా చూపే పటం. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎమ్, టాండెమ్-ఎక్స్ ఉపగ్రహాల కొలతల ఆధారంగా తయారైన కోపర్నికస్ మోడల్, ఈ రెండూ సుమారు 30 మీటర్ల గళ్లతో ఉచితంగా దొరుకుతాయి. రెండింటిలోనూ దట్టమైన అడవి ఉన్న చోట నేల ఎత్తుకు బదులు చాలావరకు చెట్ల పైభాగపు ఎత్తే నమోదవుతుంది. సుమారు 90 మీటర్ల గళ్లతో ఉన్న మెరిట్ హైడ్రోలో చెట్ల ఎత్తు వల్ల వచ్చే దోషాన్ని తగ్గించి, నదుల దారులను ముందే సరిచూసి ఇచ్చారు. కొండ ప్రాంతాల్లో 30 మీటర్ల మోడల్, విశాలమైన మైదానాల్లో మెరిట్ హైడ్రో మెరుగైన ఫలితం ఇస్తాయి.

మోడల్‌లో ప్రతి గడి నుంచీ నీరు చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో అత్యంత వాలుగా ఉన్న దాని వైపు పారుతుందనుకునే డీ8 పద్ధతి 1984 నుంచి వాడుకలో ఉంది. విస్తృత వాడుకలో ఉన్న వైట్‌బాక్స్‌టూల్స్, టౌడెమ్, గ్రాస్, పైషెడ్స్ వంటి ఉచిత సాధనాలన్నీ దీన్ని చేయగలవు. ఈ లెక్కకు ముందు మోడల్‌లోని కృత్రిమ గుంతలను తొలగించాలి. నది మీది వంతెన, రోడ్డు కట్ట, ఇరుకైన లోయ మోడల్‌లో ఆనకట్టలా కనిపించి ప్రవాహాన్ని ఆపేస్తాయి. గుంతను నీటితో నింపినట్టు పూడ్చేయడం కంటే, అడ్డుగా ఉన్న కట్టకు చిన్న గండి కొట్టే బ్రీచింగ్ పద్ధతి నేల సహజ రూపాన్ని తక్కువగా చెడగొడుతుంది. అయితే బయటికి దారిలేని సహజమైన సరస్సులూ, సున్నపురాతి నేలల్లోని గుంతలూ నిజమైనవే. వాటిని ముందే గుర్తించి ఈ సవరణ నుంచి మినహాయించాలి.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది స్టేషన్ స్థానం దగ్గర. పాత రికార్డుల్లో అక్షాంశ రేఖాంశాలను డిగ్రీలు, నిమిషాల వరకే రాసేవారు. అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1.85 కిలోమీటర్లు కాబట్టి, దగ్గరి నిమిషానికి సవరించి రాసిన స్థానంలో ఆ ఒక్క దిశలోనే 900 మీటర్లకు పైగా, అంటే 30 మీటర్ల గళ్లలో 30 గళ్ల మేర పొరపాటు ఉండవచ్చు. అందుకని స్టేషన్ బిందువును దగ్గరలోని నది మీదికి జరపాలి. సాఫ్ట్‌వేర్‌కు ఈ పని అప్పగిస్తే అది నిర్ణీత దూరంలో అత్యధిక ప్రవాహ సంచయం ఉన్న, అంటే ఎగువన ఎక్కువ గళ్ల నీరు వచ్చి చేరే, గడిని ఎంచుకుంటుంది. స్టేషన్ ఒక ఉపనది మీద, సంగమానికి అర కిలోమీటరు ఎగువన ఉంటే బిందువు సంగమం దాటి ప్రధాన నది మీదికి దూకుతుంది, 300 చదరపు కిలోమీటర్ల ఉపనదికి 30,000 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం అంటగట్టబడుతుంది. ఇంత పెద్ద తేడా అయితే వెంటనే తెలిసిపోతుంది. రెండు దాదాపు సమానమైన ఉపనదులు కలిసే చోట ఒకదానికి బదులు ఇంకొకటి ఎంపికైతే వైశాల్యం సరిపోతుంది కాబట్టి ఆ తప్పు ఏ పరీక్షకూ దొరకదు. దానికి మందు ఒక్కటే: స్టేషన్ పేరునూ, నది పేరునూ, ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని ప్రతి బిందువునూ మనిషి చూడాలి. ఏ బిందువును ఎంత దూరం జరిపారో, అసలు స్థానం ఏమిటో రెండూ డేటాసెట్‌లో ఉండాలి.

గీసిన సరిహద్దు వైశాల్యాన్ని శాఖ ప్రకటించిన వైశాల్యంతో పోల్చాలి. పది శాతం లోపు తేడా ఉంటే అంగీకరించవచ్చు. అంతకు మించితే కారణం వెతకాలి. అమెరికా కామెల్స్‌తో చేసిన అనేక మోడలింగ్ అధ్యయనాలు 671కి బదులు 531 పరీవాహక ప్రాంతాలనే వాడడానికి ఒక కారణం, వేర్వేరు పద్ధతుల్లో లెక్కించిన వైశాల్యాల మధ్య పది శాతానికి మించిన తేడా ఉన్నవాటిని తీసివేయడమే. తేడా కనిపించినప్పుడల్లా మనదే తప్పని అనుకోనవసరం లేదు. ప్రకటిత వైశాల్యం పాత కాగితపు పటాల మీద కొలిచినదై ఉండవచ్చు, లేదా స్టేషన్‌ను మధ్యలో వేరే చోటికి మార్చి ఉండవచ్చు. రెండు వైశాల్యాలనూ ప్రచురించి, ప్రవాహపు లోతు లెక్కకు దేన్ని వాడారో స్పష్టంగా చెప్పాలి. వైశాల్యాన్ని డిగ్రీల్లో ఉన్న పటం మీద కాక, సమ వైశాల్య ప్రొజెక్షన్‌లోకి మార్చిన తర్వాతే లెక్కించాలని వేరుగా చెప్పనవసరం లేదనిపించినా, ఈ తప్పు తరచుగా జరుగుతూనే ఉంది.

జాతీయ డేటాసెట్ అన్నంత మాత్రాన సరిహద్దును దేశ సరిహద్దు దగ్గర కత్తిరించకూడదు. నీరు ఎగువ దేశంలో పుట్టినా అదే ప్రవాహంలో కలిసి వస్తుంది. 331 పరీవాహక ప్రాంతాలున్న స్విట్జర్లాండ్ డేటాసెట్ పొరుగు దేశాల నుంచి ఆ దేశంలోకి పారే ప్రాంతాలను కూడా కలుపుకుంది. ఇలాంటి చోట్ల దేశీయ వర్షపాత పటం సరిహద్దు దగ్గర ఆగిపోతుందని గమనించి, మొత్తం ప్రాంతాన్ని కప్పే మరో వనరును ఎంచుకోవాలి. సగం ఒక పటం నుంచి, సగం ఇంకొక పటం నుంచి తెచ్చి చడీచప్పుడు లేకుండా అతకకూడదు.

చివరిగా, ఒకే నది మీద ఎగువన ఒకటి, దిగువన ఒకటి స్టేషన్లు ఉంటే పై పరీవాహక ప్రాంతం కింది దానిలో భాగమవుతుంది. ఏది దేనిలో ఇమిడి ఉందో ఒక పట్టికలో ఇవ్వాలి. న్యూరల్ నెట్‌వర్క్‌లతో ప్రవాహాన్ని అంచనా వేసేవారు కొన్ని పరీవాహక ప్రాంతాలతో శిక్షణ ఇచ్చి, చూడని వాటి మీద పరీక్షిస్తారు. ఇమిడి ఉన్న జంటలో ఒకటి శిక్షణలోకి, రెండోది పరీక్షలోకి వెళ్తే ఫలితం నిజానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. ఆ పట్టిక ఉంటే ఈ పొరపాటు జరగదు.

వాతావరణ వివరాలు

వర్షపాతానికి వనరులు అనేకం. వర్షమాపకాల ఆధారంగా దేశీయ వాతావరణ సంస్థలు తయారుచేసే గ్రిడ్ పటాలు సాధారణంగా ఎక్కువ నమ్మదగినవి. ఉపగ్రహాల నుంచి వచ్చే వాటిలో 0.05 డిగ్రీల గళ్లతో 1981 నుంచి ఉన్న చర్ప్స్, 0.1 డిగ్రీల గళ్లతో అరగంటకొకసారి విలువలిచ్చే ఐమెర్గ్ పేరున్నవి. యూరప్ వాతావరణ కేంద్రం తయారుచేసే ఎరా5-ల్యాండ్ 1950 నుంచి గంటవారీ విలువలను సుమారు 9 కిలోమీటర్ల గళ్లతో ప్రపంచమంతటికీ ఇస్తుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి ఏకీభవించవు, ముఖ్యంగా కొండల్లో. కనీసం రెండు వనరుల విలువలను పక్కపక్కన ఇవ్వడం మంచి సంప్రదాయం. అమెరికా కామెల్స్ మూడింటిని ఇచ్చింది.

గళ్ల విలువలను పరీవాహక సగటుగా మార్చేటప్పుడు, ప్రతి గడిలో ఎంత భాగం సరిహద్దు లోపల ఉందో ఆ నిష్పత్తిలోనే దానికి ప్రాధాన్యం ఇవ్వాలి. గడి మధ్య బిందువు లోపల ఉందా లేదా అని మాత్రమే చూసే సులభ పద్ధతి పెద్ద నదులకు పరవాలేదు. భూమధ్యరేఖ దగ్గర 0.25 డిగ్రీల గడి ఒక్కటే 770 చదరపు కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, 200 చదరపు కిలోమీటర్ల వాగుకు ఆ పద్ధతిలో ఒక్క గడి కూడా దొరకకపోవచ్చు.

రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, ఫలితాలను ఇంతగా పాడుచేసేది మరొకటి లేదు. భారతదేశంలో ఉదయం 8.30కి, బ్రిటన్‌లో ఉదయం 9 గంటలకు వర్షమాపకాన్ని చదువుతారు. ఆ సమయానికి నమోదైన వర్షం అంతకు ముందు 24 గంటల్లో కురిసినది. కొన్ని సంస్థలు దాన్ని చదివిన రోజు తేదీతో, కొన్ని ముందు రోజు తేదీతో నమోదు చేస్తాయి. ప్రవాహపు సగటు మాత్రం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు ఉండవచ్చు, లేదా ఉదయం ఒక్కసారి తీసిన కొలతే కావచ్చు. ఎరా5-ల్యాండ్ అంతర్జాతీయ సమయాన్ని పాటిస్తుంది. పైగా అందులో వర్షపాతం అర్ధరాత్రి నుంచి కూడుతూ పోయే మొత్తం కాబట్టి, ఒక రోజు పూర్తి వర్షం మరుసటి రోజు సున్నా గంటల విలువలో ఉంటుంది. దీన్ని గమనించకుండా కలిపితే వర్షం రాకముందే నదికి వరద వచ్చినట్టు కనిపిస్తుంది. సరిచూసుకోవడం కష్టమేమీ కాదు: చిన్న పరీవాహక ప్రాంతాలను కొన్నింటిని తీసుకుని, వర్షాన్నీ ప్రవాహంలోని పెరుగుదలనూ ఒక రోజు ముందుకు, ఒక రోజు వెనక్కు జరిపి ఏ స్థితిలో బాగా కలుస్తున్నాయో చూడాలి. వర్షమే వెనకబడినట్టు తేలితే తేదీల గుర్తింపులో పొరపాటు ఉందని అర్థం. ప్రతి వరుసకూ రోజు హద్దు ఏ సమయమో వివరణ పత్రంలో రాయాలి.

నేల నుంచీ మొక్కల నుంచీ గరిష్ఠంగా ఎంత నీరు ఆవిరి కాగలదో తెలిపే పీఈటీని ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో సిఫారసు చేసిన పెన్‌మన్-మాంటీత్ పద్ధతిలో లెక్కించడం ఉత్తమం. గాలి వేగం, తేమ వివరాలు లేనప్పుడు ఉష్ణోగ్రతతోనే పనిచేసే హార్‌గ్రీవ్స్ సూత్రం ఉంది. సిద్ధంగా దొరికే పీఈటీ వరుసలను పరీక్షించకుండా తీసుకోకూడదు. కారవాన్ తొలి కూర్పులలో ఎరా5-ల్యాండ్ నుంచి నేరుగా తీసుకున్న పీఈటీ చాలా చోట్ల అవాస్తవంగా ఎక్కువగా ఉందని తేలడంతో, తర్వాతి కూర్పులో పెన్‌మన్-మాంటీత్ విలువలను జతచేశారు.

లక్షణాల పట్టిక

ఈ భాగానికి కావలసినవన్నీ దాదాపుగా సిద్ధంగానే దొరుకుతాయి. నేలలకు 250 మీటర్ల గళ్లతో రెండు మీటర్ల లోతు వరకు వివరాలిచ్చే సాయిల్‌గ్రిడ్స్, శిలలకు గ్లిమ్, భూమి వినియోగానికి 10 మీటర్ల గళ్ల వరల్డ్‌కవర్, జలాశయాలకు గ్రాండ్ ఉన్నాయి. దేశీయ భూగర్భ, నేలల సర్వేలు ఉన్న చోట వాటికే మొదటి ప్రాధాన్యం ఇచ్చి, ఇతర దేశాలతో పోల్చుకోవడానికి వీలుగా ప్రపంచ పటాల విలువలను కూడా పక్కన పెట్టాలి. శాతాలు మాత్రమే ఇవ్వకుండా, పరీవాహక ప్రాంతంలో ఎంత భాగానికి మూల పటంలో వివరం ఉందో కూడా చెప్పాలి. భూమి వినియోగం ఒక ఏడాదికి చెందినదై, ప్రవాహం 40 ఏళ్లకు చెందినదైతే ఆ సంగతిని పట్టికలోనే గుర్తు చేయాలి. వీలైతే ఆనకట్టలు కట్టిన సంవత్సరాలను తప్పక ఇవ్వాలి, ఎందుకంటే ప్రవాహపు తీరు అక్కడి నుంచే మారుతుంది.

సగటు ప్రవాహం, వర్షంలో ప్రవాహపు వాటా, భూగర్భం నుంచి నెమ్మదిగా నదికి చేరే నీటి వాటాను తెలిపే బేస్‌ఫ్లో సూచిక, ఎక్కువ తక్కువ ప్రవాహాల శాతాంశాలు వంటి సూచికలను లెక్కించి ఇస్తే వాడుకునేవారికి ఉపయోగం. వాటిని ఏ కాలానికి, ఎన్ని ఖాళీలను సహించి లెక్కించారో చెప్పకపోతే రెండు స్టేషన్లను పోల్చడం కుదరదు. లెక్కించిన ప్రోగ్రామ్‌ను కూడా డేటాసెట్‌తో పాటే ప్రచురించాలి.

నీటి లెక్కతో పరీక్ష

అన్నీ ఒకచోటికి చేరాక మొత్తాన్ని ఒకేసారి పరీక్షించే మార్గం నీటి బడ్జెట్. పదేళ్లకు మించిన సగటులో ప్రవాహం వర్షాన్ని మించకూడదు. వర్షం నుంచి ప్రవాహాన్ని తీసివేస్తే మిగిలేది పీఈటీని మించకూడదు. ప్రతి పరీవాహక ప్రాంతాన్నీ ఈ రెండు హద్దులతో ఒకే గ్రాఫులో పెడితే, గీత దాటిన బిందువులు వెంటనే కనిపిస్తాయి. మొదటి హద్దు దాటిన చోట కొండల్లో వర్షమాపకాలు తక్కువగా ఉండి వర్షం తక్కువగా లెక్కకు వచ్చిందేమో, గాలికి మంచు మాపకంలో పడలేదేమో, పక్క నది నుంచి కాలువ ద్వారా నీరు వస్తోందేమో చూడాలి. రెండో హద్దు దాటిన చోట ఎగువన నీటిని మళ్లిస్తున్నారేమో, స్టేషన్ కిందుగా ఇసుకలోంచి నీరు జారిపోతోందేమో, లేదా ముందు చెప్పినట్టు వైశాల్యం ఎక్కువగా గీశామేమో పరిశీలించాలి. ఈ గ్రాఫులో పక్కకు పోయిన బిందువులను ఒక్కొక్కటిగా విచారించడంలోనే నదుల గురించి అత్యంత విలువైన సంగతులు బయటపడతాయి. ఈ దశకు కావలసినంత సమయం కేటాయించాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. విచారణ తర్వాత కూడా కారణం దొరకని వాటిని తొలగించకుండా, హద్దు దాటినట్టు గుర్తు పెట్టి ఉంచాలి. ప్రకృతిలో భూగర్భ మార్గాల ద్వారా జలవిభాజక రేఖ దాటి నీరు పారే చోట్లు నిజంగానే ఉన్నాయి.

ప్రచురణ, ఆ తర్వాతి బాధ్యత

కాలవరుసలను స్టేషన్‌కొక సీఎస్‌వీ ఫైలుగా ఇస్తే కొత్తవారికి సులువు. మొత్తాన్ని నెట్‌సీడీఎఫ్‌లో కూడా ఇస్తే పెద్ద ఎత్తున పని చేసేవారికి వేగం. సరిహద్దులకు జియోప్యాకేజ్ మేలు, ఎందుకంటే షేప్‌ఫైల్ నిలువు వరుసల పేర్లను పది అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది. స్టేషన్ గుర్తింపు సంఖ్యలను ఎప్పుడూ అక్షరాలుగానే నిల్వ చేయాలి. అమెరికా కామెల్స్‌లో ఒక స్టేషన్ సంఖ్య 01013500. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి భద్రపరిస్తే ముందున్న సున్నా పోతుంది, ఆ తర్వాత ఆ స్టేషన్ ఏ పట్టికతోనూ కలవదు. సంఖ్యకు ముందు దేశాన్ని సూచించే అక్షరాలను చేర్చితే ఈ ఇబ్బంది రాదు, ఇతర దేశాల డేటాసెట్లతో కలిపినప్పుడు గందరగోళమూ ఉండదు.

డేటాసెట్‌ను సొంత సర్వర్‌లో కాక జెనోడో, పాంజియా వంటి శాశ్వత భాండాగారంలో ఉంచి, మారని గుర్తింపు సంఖ్య అయిన డీవోఐ తీసుకోవాలి. లైసెన్సు విషయంలో మూల శాఖలు ఒప్పుకుంటే, పేరు పేర్కొని ఎవరైనా వాడుకునే వీలిచ్చే సీసీ బై 4.0 చాలు. ప్రవాహాన్ని కొలిచిన శాఖల పేర్లనూ, వాటిని ఎలా ఉదహరించాలో కూడా మొదటి పేజీలోనే రాయాలి. వరదల్లో పడవ మీద వెళ్లి కొలతలు తీసిన సిబ్బంది శ్రమ లేకుండా ఇందులో ఏదీ లేదు.

ప్రచురించిన మొదటి ఏడాదిలోనే వాడుకునేవారు తప్పులు చూపిస్తారు. అలా జరగడం డేటాసెట్ వాడుకలో ఉందనడానికి గుర్తు కాబట్టి, తప్పులు తెలియజేయడానికి బహిరంగ మార్గం ఒకటి మొదటి నుంచే ఉండాలి. సవరణలు చేసినప్పుడు పాత కూర్పును తొలగించకుండా కొత్తదానికి కొత్త సంఖ్య ఇచ్చి, ఏ స్టేషన్‌లో ఏ తేదీల విలువలు ఎందుకు మారాయో మార్పుల చిట్టాలో నమోదు చేయాలి. మూసివేసిన స్టేషన్ సంఖ్యను మరో స్టేషన్‌కు ఎన్నడూ ఇవ్వకూడదు. ప్రవాహపు రికార్డును ఏటా పొడిగించే బాధ్యత ఏ సంస్థది, దానికి నిధులు ఎక్కడి నుంచి వస్తాయన్నది ప్రచురణకు ముందే రాతపూర్వకంగా తేల్చుకున్న బృందాల డేటాసెట్లు మాత్రమే రెండో కూర్పు దాకా సాగుతాయి.